పొలం అమ్మిన సొమ్ముతో ప్లాటు కొనేముందు

మన పల్లెల్లో ఇప్పుడు ఎకరాల మాట తగ్గి గజాల మాట పెరిగింది. హైదరాబాద్ చుట్టూ ప్రాంతీయ రింగు రోడ్డు వెళ్లే సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ వైపు పోయినా, ఆంధ్రలో అమరావతి చుట్టుపక్కల ఊళ్లకు పోయినా, టీ కొట్టు దగ్గర వాన కబురు కంటే ముందు గజం ఎంత పలుకుతోందన్న కబురే వినిపిస్తోంది. రోడ్డు కిందో, ప్రాజెక్టు కిందో భూమి పోయిన రైతు చేతికి జీవితంలో మొదటిసారి లక్షలు ఒక్కసారిగా వస్తున్నాయి. అప్పుల కోసమో, బిడ్డ పెళ్లి కోసమో రెండెకరాలు అమ్ముకున్న ఇంట్లోనూ ఎంతో కొంత మిగులుతోంది. ఆ సొమ్ము బ్యాంకులో పడిన వారం లోపే ఇంటి ముందు కారు ఆగుతుంది. రంగుల కాగితం చేతికొస్తుంది. "మూడేళ్లలో రెట్టింపు" అన్న మాట చెవిన పడుతుంది.

సంఘం సమావేశాలకు వచ్చే రైతులు మమ్మల్ని తరచూ అడుగుతున్నారు: ప్లాటు కొనమంటారా, వద్దంటారా? మేము కొనవద్దని చెప్పడం లేదు. రైతు అన్నవాడు పొలం దున్నుకునే ఉండాలి, నాలుగు రూపాయలు వెనకేసుకోకూడదు అనే ఆలోచన మాకు లేదు. అయితే ఒక్క మాట గట్టిగా చెప్పదలిచాం. పొలాన్ని మట్టి చూసి కొంటాం, ప్లాటును కాగితం చూసి కొనాలి. మట్టి మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కాగితం దగ్గరే మనల్ని ముంచుతున్నారు. కాగితం పూర్తిగా చదవకముందు, ఇంటి అవసరాలకు సొమ్ము పక్కన పెట్టకముందు ఒక్క రూపాయి బయానా కూడా ఇవ్వవద్దు.

ముందు లెక్క చూసుకుందాం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎకరం అంటే 4,840 గజాలు. తెలంగాణలో 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు అంటాం. ఎకరం 60 లక్షలకు అమ్మామనుకుందాం. గజానికి మనకు పడింది దాదాపు 1,240 రూపాయలు. లేఅవుట్ వేసినవాడు రోడ్లకు, పార్కుకు, ఇతర అవసరాలకు స్థలం వదలాలి కాబట్టి ఎకరంలో సుమారు 2,700 గజాలు అమ్ముకుంటాడనుకుందాం. అప్పుడు అమ్మకపు గజం మీద అతనికి భూమి ఖర్చు 2,200 చిల్లర. రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు, అనుమతులు, ప్రకటనలు, కమిషన్లు అన్నీ కలుపుకుని గజం 9,000కు అమ్ముతాడు. మనం అదే లేఅవుట్‌లో 300 గజాల ప్లాటు కొంటే 27 లక్షలు. అంటే ఎకరం అమ్మి, ఆ ఎకరంలో పదహారో వంతు తిరిగి కొనడానికి వచ్చిన సొమ్ములో దాదాపు సగం పెడుతున్నాం.

లెక్క అక్కడితో ఆగదు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం అనుకుంటే మరో రెండు లక్షలు. ప్లాటు మీద పంట రాదు, కౌలు రాదు, అద్దె రాదు. అదే 27 లక్షలు బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 1,89,000 వస్తుంది, అయిదేళ్లకు తొమ్మిదిన్నర లక్షల దాకా. అంటే అయిదేళ్ల తర్వాత ఆ ప్లాటు ముప్పై ఎనిమిదిన్నర లక్షలకు, గజం దాదాపు 12,800కు అమ్ముడుపోతేనే బ్యాంకులో వేసుకున్నవాడితో సమానంగా ఉంటాం. లాభం అన్నది ఆ పైన మొదలవుతుంది. అంత ధర రాదని మేము అనడం లేదు. కొన్నిచోట్ల వచ్చింది, అంతకంటే ఎక్కువా వచ్చింది. కానీ "రెట్టింపు" అని చెప్పే మనిషి ఈ లెక్క మీ ముందు వేసి చూపించడు. మీరే వేసుకోవాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. ప్లాటు ధర పెరిగిందని వినడం వేరు, ఆ ధరకు కొనేవాడు దొరకడం వేరు. ఆస్పత్రి ఖర్చు వచ్చిననాడు బ్యాంకులో సొమ్ము మర్నాటికి చేతికొస్తుంది. ప్లాటు అమ్మాలంటే నెలలు పట్టవచ్చు, ఏళ్లు పట్టవచ్చు. అవసరంలో ఉన్నవాడని తెలిస్తే అడిగే ధర ఇంకా దిగుతుంది. మిర్చి కోసి యార్డులో పోసిన రైతుకు ఈ బాధ ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఏ సొమ్ము పెట్టవచ్చు, ఏది పెట్టకూడదు

చేతికొచ్చిన సొమ్మును ముందు నాలుగు భాగాలుగా చూసుకోండి. మొదటిది అప్పులు. నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ ఉన్న అప్పు ఇంట్లో పెట్టుకుని ప్లాటు కొనడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఏ ప్లాటూ ఏటా నమ్మకంగా అంత పెరగదు. రెండోది ఇంటి ఖర్చు, కనీసం రెండేళ్లకు సరిపడా. మూడోది పిల్లల చదువు, పెళ్లి, వైద్యం. నాలుగోది సాగు. వీలుంటే మరోచోట ఎకరమో రెండెకరాలో పొలం కొనుక్కోవడం గురించి ముందు ఆలోచించండి. పాసుపుస్తకం పోతే దాంతోపాటు పంట రుణం పోతుంది, పీఎం కిసాన్ పోతుంది, తెలంగాణలో అయితే రైతు బీమా కూడా పోతుంది. ఈ నాలుగూ తీరాక మిగిలిందే ప్లాటుకు పనికొచ్చే సొమ్ము. ఏమీ మిగలకపోతే ప్లాటు మన పని కాదని అర్థం.

పన్ను సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. ఊళ్లో ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే సాధారణంగా ఆదాయపు పన్ను పడదు. అయితే జనాభాను బట్టి మున్సిపాలిటీ హద్దు నుంచి 2, 6 లేదా 8 కిలోమీటర్ల లోపు ఉన్న భూమికి ఆ మినహాయింపు లేదు. అలాంటి భూమి అమ్మినవారు నిర్ణీత గడువులోపు మరో వ్యవసాయ భూమి కొంటే కొంత ఊరట ఉంటుంది. 2013 భూసేకరణ చట్టం కింద వచ్చిన పరిహారానికి పన్ను మినహాయింపు ఉంది. మీ భూమి దేని కిందికి వస్తుందో ఆడిటర్‌ను అడగండి. అతనికిచ్చే రెండు మూడు వేలు దండగ కాదు. భూమి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆ పైన నగదుగా తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడే నిబంధన ఉంది. "సగం వైట్, సగం బ్లాక్" అనే బేరం తర్వాత మన మెడకే చుట్టుకుంటుంది.

కాగితం ఎలా చదవాలి

మొదటి ప్రశ్న: ఈ భూమి ఎవరిది? అమ్మేవాడి పేరు మీద ఉన్న దస్తావేజు ఒక్కటే చూసి ఆగవద్దు. అతనికి అమ్మినవాడి దస్తావేజు, అంతకు ముందువాడిది, అలా లింకు డాక్యుమెంట్లన్నీ అడగండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కనీసం ముప్పై ఏళ్ల ఈసీ తీయించండి. ఆంధ్రలో అడంగల్, 1-బి చూడండి. తెలంగాణలో పాత పహాణీలు, సేత్వార్ చూడండి. ధరణి స్థానంలో 2025లో భూ భారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినా పాత పహాణీ చదవాల్సిన అవసరం మారలేదు. వారసత్వ భూమి అయితే కుటుంబంలో అందరి సంతకాలు ఉన్నాయో లేదో చూడండి. ముఖ్యంగా ఆడబిడ్డల సంతకాలు. పెళ్లయి వెళ్లిన కూతురికి వాటా లేదనుకుని కొన్న ప్లాట్లు ఎన్నో కోర్టు మెట్లెక్కాయి.

ఒక అపోహను ఇక్కడే తీసేయాలి. రిజిస్ట్రేషన్ అయింది కాబట్టి హక్కు వచ్చేసినట్టే అని చాలామంది అనుకుంటారు. సబ్ రిజిస్ట్రార్ మీ దస్తావేజును నమోదు చేస్తాడు, అంతే. అమ్మినవాడికే హక్కు లేకపోతే కొన్నవాడికీ రాదు. అలాగే జీపీఏ మీదో, ఒట్టి అగ్రిమెంటు మీదో కొనడం కొనడం కాదు. అలాంటి కాగితాలతో స్థిరాస్తి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది.

రెండో ప్రశ్న: ఈ భూమిని అమ్మవచ్చా? అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ 1977లోనే చట్టం వచ్చింది. తర్వాత సవరణలు వచ్చాయి గానీ, మధ్యవర్తి చెప్పిన సవరణను నమ్మి కొనవద్దు. సర్వే నంబరు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లండి. ఆ నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా, పోరంబోకా, దేవాదాయ భూమా, వక్ఫ్ భూమా, చెరువు శిఖమా అని అడగండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటి మట్టం హద్దు నుంచి 30 మీటర్ల దాకా కట్టడం కుదరదని 2012 నాటి భవన నిబంధనలే చెబుతున్నాయి. ఎండాకాలంలో చూపించిన ప్లాటును వానాకాలంలో మరోసారి చూడండి. ఆ ఊరి ముసలి రైతును చెరువు అలుగు ఎటు పారుతుందో అడగండి. గూగుల్ మ్యాపు చెప్పని సంగతి ఆయన చెబుతాడు.

మూడో ప్రశ్న: ఇది నిజమైన లేఅవుటేనా? పంచాయతీ అనుమతి ఉందంటూ సర్పంచ్ సంతకం చూపిస్తారు. ఒక్క పంచాయతీ సంతకంతో లేఅవుట్ కాదు. ప్రాంతాన్ని బట్టి డీటీసీపీయో, హెచ్ఎండీఏనో, సీఆర్డీఏనో లేదా ఆ ప్రాంత పట్టణాభివృద్ధి సంస్థో అనుమతి ఇవ్వాలి. ఎల్పీ నంబరు అడిగి తీసుకుని ఆ ఆఫీసులోనే సరిచూడండి. వచ్చింది తాత్కాలిక అనుమతా, తుది అనుమతా అని కూడా అడగండి. రోడ్లు, కాలువలు వేసేదాకా కొన్ని ప్లాట్లను అనుమతిచ్చిన సంస్థకు తనఖా పెట్టించుకుంటారు. మీకు చూపిస్తున్న ప్లాటు ఆ తనఖాలో ఉందేమో చూసుకోండి.

అనుమతి లేని ప్లాట్లు ఎంత పెద్ద సంగతో చెప్పడానికి తెలంగాణలో 2020లో పెట్టిన క్రమబద్ధీకరణ పథకం చాలు. దానికి దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. చాలా దరఖాస్తులు ఏళ్ల తరబడి నానాయి. ప్లాటు కొన్ననాడు ఇచ్చిన సొమ్ము కాక, క్రమబద్ధీకరణ రుసుము, ఖాళీ స్థలం లేనందుకు మరో రుసుము కొన్నవాడే కట్టుకోవాలి. లేఅవుట్ వేసి అమ్ముకున్నవాడు ఎప్పుడో తప్పుకున్నాడు.

నాలుగో ప్రశ్న: రెరా నంబరు ఉందా? 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో ప్లాట్లు వేసి అమ్మాలంటే రెరాలో నమోదు తప్పనిసరి. నమోదుకు ముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అంటే "ప్రీ లాంచ్ ఆఫర్" అన్న మాటే చట్టానికి విరుద్ధం. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవారి నుంచి వచ్చే సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. చెప్పిన గడువుకు ఇవ్వకపోతే వడ్డీతో సహా వెనక్కి అడిగే హక్కు కొన్నవారికి ఉంది. ఇవన్నీ మన పక్షాన ఉన్న రక్షణలు. అయితే రెరా నంబరు ఉంటే హక్కు కాగితాలు చూడనక్కర్లేదని కాదు. రెండూ ఉండాలి.

ఐదోది, ఆఖరిది: మనిషిని తీసుకెళ్లి కొలిపించండి. లైసెన్సు ఉన్న సర్వేయరును పెట్టి, ఎఫ్ఎంబీ లేదా టిప్పన్ ప్రకారం హద్దులు చూపించమనండి. కాగితం మీద 300 గజాలున్న ప్లాటు నేల మీద 260 ఉండవచ్చు, ఒక్కోసారి అసలు ఉండకపోవచ్చు. కొన్నాక హద్దు రాళ్లు పాతి, కంచె వేసి, ఏడాదికి రెండుసార్లయినా వెళ్లి చూసి రండి. పొలం గట్టు జరిపితే ఊరుకోని మనం, నలభై మైళ్ల దూరాన ఉన్న ప్లాటును ఏళ్ల తరబడి చూడకుండా వదిలేస్తున్నాం.

రాబడి హామీ అంటే జాగ్రత్త

ఫామ్ ప్లాటు కొనండి, శ్రీగంధం మేమే పెంచుతాం, పదిహేనేళ్లకు కోటి. నెలనెలా అద్దె ఇస్తాం. రెండేళ్లకు మేమే ఎక్కువ ధరకు తిరిగి కొంటాం. ఇలాంటి మాటలు వినిపించినప్పుడు అది ప్లాటు అమ్మకం కాదని గుర్తుపెట్టుకోండి. పదిమంది దగ్గర సొమ్ము పోగుచేసి రాబడి ఆశ చూపే పథకాలకు సెబీ అనుమతి కావాలి. అగ్రిగోల్డ్ సంగతి మరిచిపోయే వయసు మనకింకా రాలేదు. ఆ సంస్థలో డిపాజిట్లు పెట్టినవారు దాదాపు 32 లక్షల మంది. పోయిన సొమ్ము ఆరు వేల కోట్లకు పైమాటే. వారిలో ఎక్కువ మంది కూలీలు, చిన్న రైతులు, చిరు వ్యాపారులు. వారిని చేర్పించిన ఏజెంట్లు కూడా ఆ ఊళ్లవాళ్లే. సంస్థ మూతపడ్డాక ఊళ్లో తల ఎత్తుకోలేక నలిగిపోయిందీ ఆ ఏజెంట్లే.

అందుకే మా సంఘ సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. రియల్ ఎస్టేట్ సంస్థలు ఊళ్లోకి రాగానే వెతికేది నలుగురూ నమ్మే మనిషిని. రైతు నాయకుడైతే వారికి ఇంకా మంచిది. ప్లాటుకు ఇంత అని కమిషన్ ఇస్తామంటారు. చట్టం ప్రకారం ఏజెంటు కూడా రెరాలో నమోదు కావాలి. అది లేకుండా మీ మాట మీద తోటి రైతు సొమ్ము పెట్టి నష్టపోతే, ఆ సంస్థ ఊరు విడిచి పోతుంది, మీరు మాత్రం ఆ ఊళ్లోనే బతకాలి. కొనేవారికీ అదే చెబుతున్నాం. "మన ఊరివాడే కదా" అన్నది కాగితం కాదు. బావమరిది చెప్పినా, సంఘం నాయకుడు చెప్పినా, ఈసీ తీయించాకే బయానా ఇవ్వండి.

భూమినే పెట్టుబడిగా పెట్టేవారు

కొందరు రైతులు పొలం అమ్మకుండా, లేఅవుట్ వేసేవాడికి ఇచ్చి ప్లాట్లలో వాటా తీసుకుంటున్నారు. ఇది మంచి పద్ధతే కావచ్చు, ఒప్పందం సరిగా ఉంటే. మన వాటాకు వచ్చే ప్లాట్ల నంబర్లు, గజాలు, గడువు, గడువు దాటితే ఇచ్చే పరిహారం అన్నీ రిజిస్టర్డ్ ఒప్పందంలో ఉండాలి. భూమి మొత్తం మీద అమ్ముకునే అధికారం ఇస్తూ జీపీఏ రాసివ్వడమంటే ఇంటి తాళం చెవి ఇచ్చి ఊరెళ్లడమే. అతని వాటా ప్లాట్లకు, పని జరిగే కొద్దీ విడతలుగా మాత్రమే అధికారం ఇవ్వండి. మన భూమి మీద అతను బ్యాంకు రుణం తీసుకోవడానికి వీల్లేదని రాయించండి.

ప్రభుత్వం మాట ఇచ్చినచోట కూడా ప్లాటు చేతికి రావడానికి ఎంత కాలం పట్టిందో అమరావతి రైతులకు తెలుసు. 2015లో భూసమీకరణ కింద మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. జరీబు భూమికి వాణిజ్య స్థలం 450 గజాలు. 2019 తర్వాత పనులు ఆగిపోయాయి. రైతులు రోడ్డెక్కారు, కోర్టుకెక్కారు. 2022లో హైకోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక పనులు మళ్లీ మొదలయ్యాయి. ఈ మధ్యలో ప్లాటు ధర పెరిగింది, పడిపోయింది, మళ్లీ పెరిగింది. అది అమ్ముకోలేక, పొలం దున్నుకోలేక ఆ ఏళ్లన్నీ గడిపినవారు ఎందరో. ప్రభుత్వంతో రాసుకున్న ఒప్పందమే ఇన్ని మలుపులు తిరిగితే, రంగుల కాగితం మీద రాసిన మాట సంగతి వేరే చెప్పాలా?

ప్రభుత్వాలు చేయాల్సింది

జాగ్రత్తలన్నీ రైతుకే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేము అడుగుతున్నది ఇది. అనుమతి లేని లేఅవుట్ వేసేటప్పుడే ఆపండి, వేల ప్లాట్లు అమ్ముడుపోయాక క్రమబద్ధీకరణ పేరుతో కొన్నవారి నుంచి రుసుము వసూలు చేయకండి. నిషేధిత భూముల జాబితాను, అనుమతి పొందిన లేఅవుట్ల జాబితాను ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో పెట్టండి. భూసేకరణ పరిహారం ఇచ్చే రోజునే ఆ రైతులకు సొమ్ము, పన్ను, కాగితాల గురించి సలహా ఇచ్చే ఏర్పాటు చేయండి. పరిహారంలో కొంత భాగం ఇంటి ఇల్లాలి పేరు మీద కూడా జమ చేయండి. భూమి ప్లాట్లయితే ఆ పొలం సాగు చేసుకునే కౌలు రైతు, అందులో కూలికి వెళ్లే మనిషి చేతికి ఒక్క రూపాయి రాదు. వారి సంగతీ పరిహారం లెక్కలో చేరాలి.

అప్పటిదాకా మన జాగ్రత్తలో మనం ఉందాం. ప్లాటు కొనాలనుకునే రైతులు బయానా ఇవ్వకముందే కాగితాల నకళ్లు పట్టుకుని తమ మండల సంఘం ఆఫీసుకు రండి. ఈసీ ఎలా తీయాలో, రెరా నంబరు ఎక్కడ చూడాలో తెలిసినవారు ప్రతి మండల కమిటీలో ఒక్కరైనా ఉండాలని మేము కోరుతున్నాం. అమ్మేవాడు "ఇవాళే తేల్చాలి, రేపటికి ధర పెరుగుతుంది" అంటే రేపటిదాకా ఆగండి. నిజమైన ప్లాటు రేపటికీ అక్కడే ఉంటుంది.